తొమ్మిది అడుగుల సందు

నందిగామలో కోర్టు ఎదురుగా వరసగా ఉన్న జిరాక్సు కొట్లలో చివరిది ప్రేమకుమారిది. ఆమెకు నలభై ఆరేళ్ళు. పుట్టింది కీసరలో. ఇంటరు పాసవగానే తండ్రి ఆమెను నందిగామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ లోయరూ హయ్యరూ ఫస్టు క్లాసులో గట్టెక్కింది. పెళ్ళయ్యాక పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి, అక్కడ దస్తావేజులు రాసే ఒక పెద్దాయన దగ్గర పనిచేసింది. ఆయన నోటితో చెప్పేవాడు, ఈమె కంప్యూటర్లో కొట్టేది. పని పూర్తయ్యాక అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించేది కూడా ఈమే. పన్నెండేళ్ళ కిందట పెద్దాయన పోయాక నందిగామలోనే ఈ కొట్టు పెట్టుకుంది.

తప్పులు లేకుండా కొడుతుందని ఆమెకు పేరు. "ప్రేమకుమారి కొట్టిందా? అయితే మళ్ళీ చూడక్కర్లేదు" అని కోర్టు వకీళ్ళు కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేసేవాళ్ళు. ఆ మాట వినబడ్డప్పుడల్లా ఆమె తల వంచుకుని పని చేసుకుంటున్నట్టు కనబడేది గానీ, ఆ పూటంతా లోపల హుషారుగా ఉండేది.

మూడేళ్ళ కిందట సంయుక్త అనే లెక్చరరు తన పరిశోధన కాగితాలు టైపు చేయించుకోడానికి ఆ కొట్టుకొచ్చింది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పిహెచ్.డి. చేస్తోంది. జగ్గయ్యపేట, నందిగామ లాంటి చిన్న పట్టణాల్లో వీధులు ఎలా అల్లుకుని ఉన్నాయి, ఏ ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి ఎంత నడవాలి అన్నది ఆమె విషయం. అందుకోసం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసుకుంది. ఆ రోజు లాప్‌టాప్ ముందేసుకుని అరగంట నుంచీ విసుక్కుంటోంది. ప్రోగ్రాము నడవటం లేదు.

ప్రేమకుమారి పక్క నుంచి తొంగి చూసింది. "మేడం, నాకు ఇందులో ఒక్క ముక్క తెలీదు. కానీ మిగతా వరసలన్నీ నాలుగు ఖాళీలు వదిలి మొదలెట్టారు. ఆ ఏడో వరస మూడే వదిలారు. అలా ఉండొచ్చా?"

సంయుక్త ఒక ఖాళీ కొట్టింది. ప్రోగ్రాము నడిచింది. ఆమె కుర్చీ వెనక్కి తిప్పి, "మీరు ఇది నేర్చుకోవాలండి" అంది.

సరదాకన్న మాటనుకుంది ప్రేమకుమారి. కానీ సంయుక్త ఊరుకోలేదు. ఈ పరికరాలన్నీ ప్రపంచంలో ఎవరెవరో రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసినవనీ, పైసా ఖర్చు లేదనీ చెప్పి, కొట్లో ఉన్న పాత కంప్యూటర్లోనే అన్నీ ఎక్కించి పెట్టింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ పటం నుంచి ఊరి వీధుల్ని తెచ్చిపెట్టేది ఒకటి. స్థలాల హద్దుల్ని గీసి కొలిచేది ఇంకొకటి. దాని పేరు జియోపాండాస్ అని విని ప్రేమకుమారి చాలాసేపు నవ్వింది. కూడళ్ళు ముడులనుకోండి, వీధులు దారాలనుకోండి, ఒక ముడి నుంచి ఇంకో ముడికి అన్నిటికన్నా పొట్టి దారం ఏదో యంత్రం వెతికి పెడుతుంది అని సంయుక్త చెప్పింది. పని లేని మధ్యాహ్నాలు ప్రేమకుమారి అదే పనిగా కూర్చుని నేర్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి సంయుక్త పటాల్లో సగం ఆమె చేతి మీదుగానే తయారయ్యేవి.

మొన్న వేసవికి ముందు ఒక రోజు జగ్గయ్యపేట పటం తయారైంది. మెయిన్ రోడ్డుకి దగ్గరున్న ఇళ్ళు ఆకుపచ్చ, దూరమైన కొద్దీ పసుపు, నారింజ, ఎరుపు. ఊరి మధ్యంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనం మధ్యలో పదకొండు ఇళ్ళు మాత్రం నెత్తురు గడ్డలా ముదురు ఎరుపులో ఉన్నాయి. గీత గీసి కొలిస్తే అక్కడి నుంచి మెయిన్ రోడ్డు ఎనభై మీటర్లు. నడిచి వెళ్ళాలంటే ఏడువందల నలభై మీటర్లని యంత్రం చెబుతోంది.

"డేటాలో తప్పండి ఇది. పటం గీసినవాళ్ళెవరో ఒక సందు వదిలేసినట్టున్నారు" అంది సంయుక్త. "ఈ పదకొండు ఇళ్ళనీ లెక్కలోంచి తీసేద్దాం. వీటివల్ల సగటు పాడైపోతోంది."

"తీసెయ్యకండి మేడం. అక్కడ సందుంది. నాకు బాగా తెలుసు. ఆ వార్డు దస్తావేజుల్లో 'మునిసిపల్ సందు' అని ఎన్నిసార్లు కొట్టానో! రేపు పేట వెళ్ళి, ఫోను పట్టుకుని ఆ సందులో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచొస్తా. దారి అదే గీసుకుంటుంది. పటంలో కలిపేద్దాం."

మర్నాడు పదింటికల్లా జగ్గయ్యపేటలో బస్సు దిగింది. ఆ సందు మొదట్లో ఒక సైకిలు పంక్చర్ల కొట్టూ, ఒక కుళాయీ ఉండాలి. అవేవీ కనబడలేదు. రోడ్డు మీద రెండుసార్లు ముందుకీ వెనక్కీ నడిచింది. పొరపాటున ఇంకో బజారుకి వచ్చానేమో అనుకుని ఒక కొట్లో అడిగింది కూడా. చోటు అదే. సందు ఉండాల్సిన చోట నీలం రేకుల గోడౌను ఉంది. లోపల్నుంచి ఎరువుల వాసన, పురుగుమందుల వాసన ముక్కు పగిలేలా వస్తోంది. గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఏకంగా ఉంది.

ఆమె అలా నిలబడిపోయింది. పదకొండేళ్ళు తిరిగిన ఊరు. తన చేత్తో కాగితం మీద వందసార్లు పెట్టిన సందు. ఊళ్ళోంచి ఒక దారి లేచిపోవడమేమిటి?

ఫోనులో పటం చూసుకుంటూ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది. మూడు మలుపులు, ఒక మురుగు కాలవ మీద నాపరాయి, తరవాత ఇంకో రెండు మలుపులు. ఫోను చూస్తే ఏడువందల నలభై రెండు మీటర్లు. యంత్రం రెండు మీటర్ల తేడాతో నిజమే చెప్పింది. ఆ ఇళ్ళ వరసలో చివరి గుమ్మం మీద అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ కూర్చుని గోంగూర ఒలుచుకుంటోంది. పేరు బసవమ్మ.

"పిన్నిగారూ, ఇక్కడ మెయిన్ రోడ్డుకి ఒక సందుండాలండి."

బసవమ్మ ముందు ఆమె ముఖం వైపు చూసింది, తరవాత గోడ వైపు. "ఉండేదమ్మా. పన్నెండేళ్ళయింది మూసి. ఎవరు పంపించారు నిన్ను?"

"ఎవరూ పంపలేదండి. పటం గీస్తున్నాం. ఎవరు మూసారు?"

"వీరరాఘవయ్య గారి అబ్బాయి, కిషోర్‌బాబు. సందుకి అటు స్థలమూ వాళ్ళదే, ఇటుదీ వాళ్ళదే. రెండూ కలిపి గోడౌను లేపాడు. మేం అడ్డం పడ్డాం. పెద్దమనుషుల్లో పెట్టాం. అతను దస్తావేజు తెచ్చి అందరి ముందూ పరిచాడు. అందులో సందు మాటే లేదు. కాగితంలో లేందాన్ని ఏవని అడుగుతాం? నోరు మూసుకుని వచ్చేసాం."

ఆవిడ గోంగూర పక్కన పెట్టింది. అడగకుండానే మిగతాదీ చెప్పింది. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున ఆవిడ భర్త రత్తయ్య ముఖం కడుక్కుంటూ కూలబడిపోయాడు. నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది. అంబులెన్సుకి ఫోను చేశారు. తొందరగానే వచ్చింది.

"వచ్చి ఎక్కడ ఆగిందో తెలుసా? ఆ గోడకి అవతల. కుయ్యి కుయ్యి మంటా మా చెవుల్లోనే మోగుతోంది. డ్రైవరు ఫోను చేసి 'వచ్చేసానమ్మా, ఎక్కడున్నారు' అంటున్నాడు. 'గోడ ఇవతల ఉన్నాం నాయనా' అంటున్నా నేను. బండి ఈ మలుపుల్లో తిరగదు. నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుంటా చుట్టూ తిప్పి తీసుకెళ్ళారు. ఎనిమిది నెల్లు బతికాడు. ఒక్క మాట మాట్లాడలా. కళ్ళతోనే చూసేవాడు."

ప్రేమకుమారి గుమ్మం మీద ఆవిడ పక్కన కూర్చుంది. "ఆ దస్తావేజు మీరు చూసారా?" అని అడిగింది.

"జిరాక్సు ఉంది. అప్పుడే తీయించాడు మా ఆయన. ఎప్పటికైనా పనికొస్తుందని."

లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరొకటి తెచ్చింది. ప్రేమకుమారి మొదటి కాగితం చేతిలోకి తీసుకుంది. ఆ అక్షరాల అమరిక తనది. పేరాకి పేరాకి మధ్య వదిలిన ఆ జాగా తనది. చివరి పేజీ తిప్పింది. హద్దులు నాలుగూ వరసగా ఉన్నాయి. దక్షిణం ఎదురుగా 'కొనుగోలుదారుని సొంత స్థలం' అని ఉంది. కింద మూలన చిన్న అక్షరాల్లో 'టైపు: ప్రే.కు.' తేదీ 2012, జూలై ముప్ఫై.

ఆ రోజు ఆమెకు గుర్తుకొచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి స్థలాల విలువలు పెంచుతున్నారని జనం విరగబడ్డారు. ఒక్క రోజులో పందొమ్మిది దస్తావేజులు కొట్టింది. కొత్తగా కొట్టే తీరిక లేక, పొద్దున కొట్టిన ఇంకెవరిదో దస్తావేజు తెరిచి, పేర్లు మార్చి, కొలతలు మార్చి, హద్దులు మార్చింది. మూడు మార్చింది. నాలుగోది మార్చలేదు. పొద్దుటి మనిషికి దక్షిణాన సొంత స్థలమే ఉంది. ఆ ముక్క అలాగే ఇందులోకి వచ్చేసింది. చదివి వినిపించినప్పుడు వీరరాఘవయ్య తలూపాడు. ఎందుకు ఊపడు? ఆయనకూ దక్షిణాన సొంత స్థలం ఉంది మరి. సందు దాటాక ఉంది.

"ఏంటమ్మా, అలా అయిపోయావ్? మంచినీళ్ళు తేనా?" అంటోంది బసవమ్మ.

"వద్దండి. మళ్ళీ వస్తా పిన్నిగారూ" అని లేచింది. చెప్పులు వేసుకున్నదో లేదో కూడా తెలియలేదు. నందిగామ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గానీ, కండక్టరు టిక్కెట్టు కోసం మూడుసార్లు పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు. చిన్న ముక్క. ఒకే ఒక్క వరస. దాని మీద గోడ లేచింది. ఆ గోడకి అవతల అంబులెన్సు మోగింది.

ఇంటికెళ్ళి భర్త బెన్నికి చెప్పింది. అతను మోటార్లకి వైండింగ్ చేస్తాడు. రాగి తీగ చుట్టడం ఆపి మొత్తం విన్నాడు.

"గోడ కట్టింది నువ్వు కాదు కదా ప్రేమా. దాని మీద కొన్నవాడి సంతకం ఉంది, అమ్మినవాడిది ఉంది, సాక్షులవి ఉన్నాయి. నీది ఎక్కడుంది?"

"చదివి వినిపించింది నేనే."

"ఎవరికీ తెలీదు. ఊరుకో. కోర్టు ఎదురుగా కొట్టు పెట్టుకుని బతుకుతున్నాం. ఆ మాట బయటికొస్తే నీ దగ్గరికి ఎవడొస్తాడు?"

ఆమె ఆ పూట అన్నం దగ్గర కూర్చుని కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచింది. ఊరుకోవడం తన వల్ల అవుతుందేమోనని రెండు రోజులు నిజంగానే ప్రయత్నించింది. కీబోర్డు మీద వేళ్ళు పెడితే చాలు, బిగుసుకుపోయేవి.

మూడో రోజు పొద్దున కొట్టు తెరుస్తూనే జగ్గయ్యపేట నాటి పాత హార్డ్ డిస్కు బయటికి తీసింది. ఆ ఒక్క వార్డువి రెండువందల పన్నెండు దస్తావేజులు దొరికాయి. అవన్నీ పాత ఫాంట్లలో ఉన్నాయి. కొత్త ప్రోగ్రాములు చదవగలిగే తెలుగులోకి మార్చడానికే వారం పట్టింది. తరవాత ఒక ప్రోగ్రాము రాసింది. ప్రతి దస్తావేజులోంచీ కొలతలూ నాలుగు హద్దులూ ఏరి, ఏ స్థలం పక్కన ఏ స్థలం ఉండాలో చూసుకుంటూ, గచ్చు బండలు పేర్చినట్టు తెర మీద పేర్చాలి. ఎక్కడా సందు గీయమని ఆమె చెప్పలేదు. సందు అన్న మాటే ప్రోగ్రాములో లేదు.

అది నడిచే సమయానికి సంయుక్త కూడా వచ్చి పక్కన కూర్చుంది. తెర మీద ఒక్కొక్క స్థలమే బూడిద రంగులో వచ్చి కూర్చుంటోంది. ఆ పక్కది, ఈ పక్కది, వెనకది. అన్నీ అమరాక మధ్యలో తెల్లగా ఒక పట్టీ మిగిలిపోయింది. మెయిన్ రోడ్డు నుంచి బసవమ్మ వాళ్ళ ఇళ్ళ దాకా, చాకుతో కోసినట్టు, తిన్నగా. సంయుక్త దాని వెడల్పు కొలిచింది. తొమ్మిది అడుగులు.

దాని చుట్టుపక్కల స్థలాలవి పదిహేడు దస్తావేజుల్లో అది సందు. ఒక్కదాంట్లో లేదు.

"నేను దీన్ని తీసేద్దామన్నానండి" అంది సంయుక్త. "సగటు పాడు చేస్తోందని. పదకొండు ఇళ్ళ జనాన్ని."

ప్రేమకుమారి ఆ పటం ప్రింటు తీసుకుని ముందు బసవమ్మ దగ్గరికే వెళ్ళింది. గుమ్మంలో నిలబడే, కూర్చోకుండానే చెప్పేసింది. "పిన్నిగారూ, ఆ కాగితం కొట్టింది నేనే. సందు పోగొట్టింది నేనే."

బసవమ్మకి మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. అర్థమయ్యాక తలుపు పట్టుకుని మెల్లగా గడప మీద కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని ప్రేమకుమారికి అనిపించింది.

"ఇన్నేళ్ళూ వాళ్ళేదో లంచం పెట్టి రాయించుకున్నారనుకున్నా" అంది బసవమ్మ. "రోజూ ఆ గోడ వంక చూసి వాళ్ళని శపించా. పొరపాటంటే... వట్టి పొరపాటా?"

"అవునండి."

"ఎవరూ కావాలని చేసింది కాదా?"

ఆ ప్రశ్నకి అవునన్నా కాదన్నా ఒకటే అనిపించింది ప్రేమకుమారికి. బసవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈ మాట నాకు చెప్తే ఏం లాభం? అక్కడికెళ్ళి చెప్పు" అని గోడ వైపు చెయ్యి చూపించింది.

కిషోర్‌బాబు గోడౌను ముందు గదిలో ఉన్నాడు. తండ్రి వీరరాఘవయ్య పోయి ఐదేళ్ళయింది. పటం బల్ల మీద పరిచి ఆమె చెప్పడం మొదలుపెట్టగానే అతను లేచి నిలబడ్డాడు.

"మా నాన్న దొంగ కాగితం రాయించాడంటారా మీరు?"

"లేదండి. నాన్నగారు తలూపింది నిజానికే. దక్షిణాన మీ స్థలం ఉంది. మధ్యలో సందుంది. అది నేను కొట్టలేదు. మీ రెండు స్థలాల కొలతలూ కాగితాల్లో నలభై ఎనిమిది, యాభై రెండు. కలిపితే వంద అడుగులు. మీ గోడౌను ఒకసారి కొలిపించండి."

అతను పనివాణ్ణి పిలిచి టేపు పట్టించాడు. ఆమె ముందే, ఈ గోడ నుంచి ఆ గోడకి. నూట తొమ్మిది. పనివాడు ఆ అంకె పైకి చదివాడు. కిషోర్‌బాబు మళ్ళీ పట్టించాడు. మళ్ళీ నూట తొమ్మిదే.

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆమెతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "కట్టేటప్పుడు మేస్త్రీ అన్నాడండి. 'బాబూ, తొమ్మిదడుగులు కలిసొచ్చింది' అని. కలిసొచ్చిందిలే అని నవ్వేసా. ఎక్కణ్ణుంచి కలిసొచ్చిందో అడగలా."

అంత మాట అన్నవాడు మర్నాటికి మారిపోయాడు. వకీలుని పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళ తరవాత టైపిస్టు వచ్చి ఏదో చెబితే గోడ తీసేస్తారా అని నోటీసు ఇప్పించాడు. ప్రేమకుమారి జరిగిందంతా తన చేత్తో రాసి, సంతకం పెట్టి, పదిహేడు దస్తావేజుల నకళ్ళతో పటాన్ని జతచేసి బసవమ్మ వాళ్ళ అర్జీతో పాటు ఇచ్చింది. రెండు నెలలకి సర్వేయరు వచ్చి గొలుసు వేశాడు. పాత సర్వే పటంలో సందు స్పష్టంగా ఉంది. ఆ తరవాత కిషోర్‌బాబు ఇక పెనుగులాడలేదు. గోడౌను ఒక పక్క విప్పించి లోపలికి జరిపించుకున్నాడు. దస్తావేజు సవరణ కూడా చేయించాడు గానీ, దాన్ని ప్రేమకుమారి చేత కొట్టించలేదు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరో కొట్టించాడు. ఆ సంగతి ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. న్యాయమే అనుకుంది.

బెన్ని భయపడ్డట్టే కొట్టుకి వచ్చే వకీళ్ళు కొంత తగ్గారు. వచ్చేవాళ్ళు ఇప్పుడు ప్రతి వరసా చదివి మరీ సంతకం పెడుతున్నారు. వాళ్ళు చదువుతున్నంతసేపూ ఆమె ఎదురుగా కూర్చుంటుంది. మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు, చదవనివాళ్ళని తనే చదవమంటోంది.

గోడ తీసిన రోజు ఆ ఇళ్ళవాళ్ళంతా బయటికొచ్చి నిలబడ్డారు. ఇటుకలు ఎత్తేయగానే మెయిన్ రోడ్డు మీది లారీలూ ఆటోలూ ఒక్కసారిగా కళ్ళబడ్డాయి. అంత దగ్గరా అని జనం నోళ్ళు తెరిచారు. పన్నెండేళ్ళు చుట్టూ తిరిగినవాళ్ళకే నమ్మకం కుదరలేదు. ఒకామె అటు చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి, మళ్ళీ నడిచింది.

బసవమ్మ మాత్రం రాలేదు. ప్రేమకుమారి ఇంట్లోకి వెళ్ళి చూస్తే ఆవిడ నులక మంచం మీద పడుకుని ఉంది, ముఖం గోడ వైపు తిప్పుకుని. అలికిడికి లేచి కూర్చుని, పక్కన చోటు చూపించింది. ప్రేమకుమారి కూర్చుంది.

"ఆ రోజు ఈ దారి ఉంటే బతికేవాడంటావా?"

"నాకు తెలీదు పిన్నిగారూ."

"డాక్టరు గారు కూడా అదే అన్నారు. చెప్పలేం అన్నారు."

బయట ఎవరో ఆటో హారను కొట్టుకుంటూ సందులోకి వచ్చారు. పిల్లలు దాని వెనకాల పరిగెడుతున్నారు. బసవమ్మ ఆ చప్పుడు అయిపోయేదాకా వింది. "ఆయనుండగా తీస్తే బావుండేది" అంది. ప్రేమకుమారి ఆవిడ చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక, తన చేతులు తన ఒళ్ళోనే ఉంచుకుంది.